ఇటుకలు చూడ్డానికి వచ్చిన మనిషి

మా ఊరు గజపతినగరం దాటి రాయగడ వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఊరి నడిమధ్యన ఒక దిబ్బ. దానికి ఒక పక్క బస్సులు ఆగే చోటు, కాఫీ హోటలు. ఇంకో పక్క రైసుమిల్లు. వెనకాల ఖాళీలో వేసవి వచ్చిందంటే డేరా సినిమా. ఊరికి కరెంటు వచ్చిన కొత్తల్లో ఒక స్తంభం దిబ్బ నెత్తి మీదే పాతారు. గొయ్యి తవ్వితే మట్టి తక్కువ, ఇటుకలు ఎక్కువ వచ్చాయి. ఒక్కో ఇటుక మూరెడు పొడుగు, ఎత్తితే చంటిపిల్లంత బరువు. ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. పాండవులు వనవాసంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నారనీ, అది కూలి ఇలా దిబ్బయిందనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. నాకు ఆ కథ మీద చిన్నప్పుడే నమ్మకం పోయింది. అడవుల పాలై వచ్చినవాళ్ళు ఇన్ని ఇటుకలు కాల్చుకుంటూ కూర్చుంటారా అని అడిగితే మా నాయనమ్మ నా నెత్తి మీద మొట్టింది.

మా వీధి పుట్టిందే ఆ దిబ్బను తిని. మా తాత తూర్పు వాలు చెక్కించి అక్కడ ఇల్లు కట్టాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు కట్టారు. మా గోడలు దిబ్బ ఇటుకవి, పశువుల శాల దిబ్బ ఇటుకది, నూతి ఒర కూడా అదే. ఊళ్ళో ఎవరు ఎక్కడ ఇల్లు మొదలెట్టినా పునాదిలో మొదటి ఇటుక దిబ్బ నుంచి తెచ్చి పసుపూ కుంకుమా పెట్టి వేయాల్సిందే. లేకపోతే ఆ ఇల్లు నిలవదని గట్టి నమ్మకం.

అరవైల చివర్లో ఆ ఇటుకలే మా పీకల మీదకి వచ్చాయి. వంశధార ఒడ్డున ఎక్కడో కొండ మీద ఇలాంటి ఇటుకలు బయటపడితే గవర్నమెంటు వారు చుట్టూ కంచె కట్టి, లోపల ఎవర్నీ అడుగు పెట్టనివ్వడం లేదని కబురొచ్చింది. మన దిబ్బ సంగతి తెలిస్తే వీధి వీధంతా ఖాళీ చేయిస్తారని రైసుమిల్లు అరుగు మీద పెద్దలు కూర్చుని భయపడ్డారు. ఎవరొచ్చి అడిగినా మాకేమీ తెలీదనాలి, ఇటుకలు మేమే కాల్చుకున్నామనాలి అని కట్టు చేసుకున్నారు. మర్నాటి నుంచి అందరూ బయటి గోడలకి మట్టి మెత్తి సున్నం కొట్టడం మొదలెట్టారు. మా వీధి అంత తెల్లగా ఎప్పుడూ లేదు. మా అయ్య అందరికన్నా మందంగా మెత్తించాడు. ఆయనకి ఆ ఇంటి మీద ప్రాణం. తాత పోయాక అన్నదమ్ముల పంపకాల్లో మంచి పల్లం భూమి వదులుకుని ఇల్లు తీసుకున్న మనిషి ఆయన.

దానికి తోడు అప్పట్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలుగా ఉండేది. కొత్త మొహం కనిపిస్తే చెప్పమని పోలీసులు ఊరూరా చెప్పి పోయారు. అందువల్ల ఊళ్ళోకి ఉప్పు అమ్మేవాడు వచ్చినా, కావిడి వేసుకుని జంగందేవర వచ్చినా, ఎవడి మనిషో, ఏ పని మీద వచ్చాడో అని కిటికీల సందుల్లోంచి చూడ్డమే. మా నాయనమ్మకైతే చుట్టాల మీద కూడా అనుమానమే. చెల్లెలు చూడ్డానికి వస్తే, ఇది ఊరికే రాలేదు అనేది.

సరిగ్గా ఆ వేసవిలోనే నాకు సంబంధం కుదిరే మాట వచ్చింది. కోటబొమ్మాళి వాళ్ళు, మాలాగే సేద్యం చేసుకునేవాళ్ళు. అబ్బాయికి కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. మా మేనమామ తెచ్చిన సంబంధం అది. ఆయన వచ్చి, పెళ్ళిచూపులకి ముందు వాళ్ళు వాకబుకి మనిషిని పంపుతారు, చూసుకోండి అని మా వాళ్ళని హెచ్చరించాడు.

వాకబు అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. మగపెళ్ళివారి తరఫున ఎవరో ఒక పెద్దమనిషి, తాను ఎవరో చెప్పకుండా, ఏదో ఒక వంక పెట్టుకుని ఆడపిల్ల ఇంటికి వస్తాడు. ఎద్దుల బేరానికి వచ్చానంటాడు. విత్తనాలు కావాలంటాడు. ఆడపెళ్ళివారికి అతనెవరో అర్థమవుతుంది, కానీ అర్థమైనట్టు కనపడకూడదు. ఎద్దులంటే ఎద్దుల్నే చూపించాలి. ఆ చూపించడంలోనే ఇల్లూ వాకిలీ, గాదె, నుయ్యీ, చివరికి పిల్లా అన్నీ కనపడాలి. మంచినీళ్ళు ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు, ఆ మనిషి అన్నీ గమనించి వెళ్ళి చెప్తాడు. ఎంత గడుసువాడైతే అంత కొత్త వంకతో వస్తాడు.

"ఆల పెద్దమేనమావని అంపుతారు కావాల. బలే గడుసోడంట. ఏ ఏసంలో వొస్తాడో సెప్పలేం" అన్నాడు మేనమామ.

అప్పట్నుంచి మా ఇంట్లో రోజూ పండగ వాకిలే. నేను పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన ఓణీ వేసుకుని కూర్చోవాలి. వంకాయలమ్మేవాడు వచ్చినా అమ్మ నా చేతికి చెంబిచ్చి తోసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. సంతలో పశువుకైనా అమ్మేది ఎవరికో తెలుస్తుంది.

ఒకరోజు పదకొండు గంటల బస్సు దిగి ఒకాయన నేరుగా మా వీధిలోకి వచ్చాడు. నడివయసు. కాళ్ళకి మామూలు చెప్పులు, భుజానికి గుడ్డసంచీ, చేతిలో గొడుగు. అటూ ఇటూ చూస్తూ గోడల దగ్గర ఆగుతూ వస్తున్నాడు. ముందు ఇళ్ళవాళ్ళు తలుపులు మూసుకున్నారు. మా అయ్య మాత్రం వాకిట్లోకి ఎదురెళ్ళాడు.

"నేను ప్రభుత్వ పురావస్తు శాఖలో పని చేస్తానండీ. మీ ఊరి దిబ్బ, దాని ఇటుకలు చూడ్డానికి వచ్చాను" అన్నాడాయన.

మా అయ్య ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి లోపలికొచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఒలే, వొచ్చేడే. ఇటుకలు సూడ్డానికొచ్చేనంటన్నాడు" అని అమ్మతో గుసగుసగా అన్నాడు.

"ఇటుకలా? నిజంగా గవర్నమెంటోడేమో సూడండి" అంది అమ్మ భయంగా.

"గవర్నమెంటోడైతే జీపులో వొస్తాడు. ఎనకాల కరణం, మునసబు పరిగెట్టుకొస్తారు. పైగా గవర్నమెంటోడు నాను గవర్నమెంటోణ్ణని ముందే సెప్పేసుకుంటాడేటి? ఇటుకలు సూడ్డానికి ఎవుడైనా టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కుతాడేటే?"

  నా చేతికి చెంబు వచ్చింది.

నేను నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నా మొహం చూడనే లేదు. నా కాళ్ళ వైపు చూశాడు. గబుక్కున అరుగు మీంచి లేచి వచ్చి నా పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెంబు నా చేతిలోంచి జారబోయింది. మా గుమ్మం ముందు అడుగు పెట్టడానికి అర్ధచంద్రంలాంటి ఒక రాయి ఉండేది, అంచునంతా తామర రేకులు. కొంచెం జరగమ్మా అని ఆయన ఆ రాతి మీద చేత్తో దుమ్ము తుడవడం మొదలెట్టాడు. పిల్లని తేరిపార చూడకుండా ఎంత మర్యాద తెలిసిన మనిషో అని అమ్మ తర్వాత మురిసిపోయింది. నాకు మాత్రం చిన్నతనంగా అనిపించింది. అంత సేపు తల దువ్వించుకుని వస్తే రాయిని చూడ్డమేమిటి? నన్ను చూడనట్టుగా చూడ్డం కోటబొమ్మాళి పద్ధతేమో అని అనుమానపడి, వెళ్ళేదాకా ఆయన కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా నా మీదకి రాలేదు.

ఇక మా అయ్య విజృంభించాడు. ఈ రాయి ఎక్కడిదండీ అంటే దిబ్బలోదే బాబూ, మా అయ్య తవ్వి తీసేడు అన్నాడు. గోడలు దేనితో కట్టారండీ అంటే నోటితో చెప్పడం కాదని గునపం తెచ్చాడు. మొన్న మొన్న మెత్తించిన మట్టీ సున్నమూ తన చేత్తోనే పెళ్ళలు పెళ్ళలుగా రాల్చేసి, ఎర్రగా మెరిసే ఇటుకలు చూపించాడు.

"సూడండి బాబూ. ఎన్నేళ్ళైనా సెక్కు సెదరదు. మాది మాటలతో కట్టిన ఇల్లు కాదు."

ఆయన సంచీలోంచి టేపు తీసి ఇటుక పొడవూ వెడల్పూ కొలిచాడు. ఇల్లు కొలుస్తున్నాడని అమ్మ సంబరపడింది. మీ ఇల్లు దిబ్బలోకి ఎంత దూరం వస్తుందండీ అని ఆయన అడిగాడు. మా అయ్య తక్కువ చెప్తాడా? డేరా సినిమా వేసే చోటిదాకా మాదేనన్నాడు. ఆ చుట్టుపక్కల ఇళ్ళు కూడా మా తాత చలవేననీ, ఆయన తవ్వించిన ఇటుకలతోనే వీధి వీధంతా లేచిందనీ ఒక్కో ఇల్లూ వేలు పెట్టి చూపించాడు. మాది పెద్ద చెయ్యని మగపెళ్ళివారికి తెలియాలని ఆయన ఆశ. మూసిన తలుపుల వెనక నుంచి వీధి అంతా విన్నది. ఎదురింటాయన కిటికీలోంచి చెయ్యి ఊపి, వద్దు వద్దని సైగలు చేశాడు. మా అయ్య ఆయనకి కన్ను గీటాడు. నాకు తెలిసే చేస్తున్నానులే అన్నట్టు.

ఆఖరికి ఆయన కళ్ళు అరుగు మీద ఎండబెట్టిన ఆవకాయ జాడీ మీద పడ్డాయి. దాని మీద మూత ఒక నల్లటి పళ్ళెం ముక్క, లోపల సన్నటి చుక్కలతో వలయాలు వలయాలుగా గీతలు. నూతిలో పూడిక తీసినప్పుడు దొరికితే అమ్మ మూతగా వాడుకునేది. ఆయన దాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఎండకి తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, ఇది ఇక్కడి కుమ్మరి చేసింది కాదు. రోము దేశంతో మనవాళ్ళు ఓడల మీద వర్తకం చేసిన నాటిది. ఆ వర్తకుల వెంట వచ్చి ఉంటుంది. దీన్ని నేను తీసుకెళ్ళొచ్చా?"

వర్తకం, ఓడలు, దేశాలు అని ఏదేదో చెప్పి ఇంటి నుంచి ఒక వస్తువు అడిగాడంటే సంబంధం నచ్చినట్టేనని అమ్మ నిర్ణయించుకుంది. లోపలికెళ్ళి పళ్ళెం ముక్క తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకులూ వక్కలూ ఒక అరటిపండూ కలిపి కొత్త జాకెట్టు గుడ్డలో పెట్టి ఇచ్చింది. ఆయన తెల్లబోయి, ఇది ఈ ప్రాంతపు మర్యాద కాబోలనుకుని రెండు చేతులా తీసుకున్నాడు.

భోజనం చేసి వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళలో నిజంగానే తడి కనిపించింది. "ఎక్కడికి వెళ్ళినా జనం దాస్తారండీ. కర్రలు పట్టుకుని తరిమిన ఊళ్ళున్నాయి. మీలా మనసు విప్పి చెప్పినవాళ్ళు నాకు ఎక్కడా తగల్లేదు" అన్నాడు.

"మీ దగ్గర దాపరికమేటి బాబూ. రేపో మాపో ఒకటయ్యేవోళ్ళం" అన్నాడు మా అయ్య.

ఆయన కాసేపు ఆలోచించి, నిజమేనండీ, ప్రభుత్వమంటే ప్రజలే కదా అన్నాడు. మా అయ్య బస్సు కదిలేదాకా నవ్వు ఆపుకుని, ఇంటికొచ్చి, ఆఖరి దాకా ఏసం తియ్యలేదే మగానుబావుడు అని మెచ్చుకున్నాడు.

మూల కూర్చున్న నాయనమ్మ ఒక్కతే తల అడ్డంగా ఊపింది. "ఆడు పెళ్ళోల మనిసి కాడురా. పెళ్ళోల మనిసైతే గాదె సూడకుండా ఎల్తాడేటి?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె ఎవర్ని నమ్మింది గనక?

కోటబొమ్మాళి నుంచి కబురు లేదు. ఆషాఢం కదా అని సరిపెట్టుకున్నాం. వానలు పోయాక ఒక పొద్దున్న జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. అందులోంచి ఆయనే దిగాడు. జీపు చూసి మా అయ్య, సంబంధం అనుకున్నదానికన్నా పెద్దదేనని కండువా సర్దుకుంటూ వెళ్ళాడు. ఆయన వెనకాల కరణం దిగాడు, మునసబు దిగాడు, సర్వే గొలుసు మోసుకుంటూ ఇద్దరు మనుషులు దిగారు. అప్పుడు మా అయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాత్రం పోగైన వీధి జనం ముందు మా అయ్యకి నమస్కారం పెట్టి, వీరు చూపించబట్టే ఇది పాత బౌద్ధారామమని తేలింది, లేకపోతే మేము ఏళ్ళ తరబడి వెతుక్కునేవాళ్ళం అన్నాడు.

సాయంత్రానికి సున్నం పూసిన హద్దురాళ్ళు పాతేశారు. మా ఇల్లు మొత్తం లోపలికి వెళ్ళిపోయింది. వీధిలో సగం ఇళ్ళు మాతోపాటు పోయాయి. ఏడాదిలో ఖాళీ చేయాలన్నారు. ఎక్కడో ఊరి చివర స్థలాలు చూపిస్తామన్నారు.

ఆ రోజు నుంచి మాతో మాట్లాడిన మనిషి లేడు. మా నూతికి నీళ్ళకొచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. నేను కనిపిస్తే పిల్లల్ని లోపలికి పిలిచేవారు. గవర్నమెంటు వాళ్ళు ఎంత ముట్టజెప్పారో అని కాఫీ హోటల్లో చెప్పుకునేవారట. డబ్బు తీసుకోకుండా ఎవడైనా సొంత ఇంటి గోడ గునపంతో పొడిచి చూపిస్తాడా అని వాళ్ళ లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టలేం. పెళ్ళివారి మనిషనుకున్నాను అని మా అయ్య చెప్పుకోవచ్చు. కానీ చెప్తే ఊరంతా నవ్వుతారు, ఆ నవ్వు నా పెళ్ళి మీద పడుతుంది. అందుకని అమ్ముడుపోయినవాడు అనిపించుకుంటూ ఊరుకున్నాడు. పొద్దస్తమానం రాలగొట్టిన గోడ పక్కన కూర్చుని ఇటుకల మీద చెయ్యి వేసి రాస్తూ ఉండేవాడు. నాకు ఆయన మీద జాలీ వేసేది, కోపమూ వచ్చేది.

కార్తీకం వెళ్ళాక, ముందుగా కబురు పెట్టి మరీ, కోటబొమ్మాళి వాళ్ళు వచ్చారు. అబ్బాయి తండ్రి, తల్లి, ముసలి నాయనమ్మ. హద్దురాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అబ్బాయి తండ్రి నేరుగా విషయానికొచ్చాడు.

"మేం వాకబుకి ఎవల్నీ అంపలేదు బావా. అవసరం నేకపోయింది. మీ సంగతి మా వూరి దాకా వొచ్చింది. ఈది ఈదంతా అబద్దమాడితే, ఇల్లు పోతాదని తెలిసి కూడా గవర్నమెంటోడికి నిజం సెప్పినోడు ఒక్కడే ఉన్నాడన్నారు. అలాటి ఇంటి పిల్ల మాకు కావాల. మరేటీ సూడక్కర్లేదు."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. నాకు ఆ వీధి నుంచి బయటపడాలని ఉంది. ఎవరూ పలకరించని ఆ గుమ్మంలో ఇంకో నెల నిలబడే ఓపిక నాకు లేదు. మా అయ్య తల దించుకుని ఉన్నాడు. అలాగే ఉండు, నోరు విప్పకు అని కోరుకున్నాను. ఇల్లు పోయింది, పరువు పోయింది, వీళ్ళ దగ్గర మాత్రమే ఆయనకి ఒక మంచి పేరు మిగిలింది. ఊరుకుంటే అది ఆయనదే.

ఆయన ఊరుకోలేదు.

"అది నిజం కాదు బావా" అన్నాడు. "ఆయన గవర్నమెంటోడని నాకు తెలీదు. ఇటుకల వంక పెట్టుకుని మీరంపిన మనిసనుకున్నాను. మీ దగ్గర గొప్ప కోసం సెప్పేను. గవర్నమెంటోడని తెలిస్తే నానూ అందరిలాగే అబద్దమాడుదును."

అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది, అప్పటికే ఆలస్యమైపోయింది. అబ్బాయి తండ్రి మొహంలో రంగు మారింది. భార్య వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.  నాకు కోటబొమ్మాళి వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

అబ్బాయి నాయనమ్మ ముందుకి వంగింది. "మరిప్పుడు మమ్మల్ని ఎవలమనుకుని సెప్తన్నావు నాయనా?" అని అడిగింది.

మా అయ్య తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు. "ఎవలైనా ఇంక ఇదే అమ్మా. దాయడానికి మరేటీ మిగల్లేదు" అన్నాడు.

ఆవిడ కొడుకు వైపు తిరిగి, "ఇల్లు పడగొట్టకముందే ఇక్కడే పెళ్ళి సేసేద్దారి. పిల్లని పిలండి" అంది.

నేను వెళ్ళి దణ్ణం పెట్టాను. వాళ్ళు భోజనం చేశారు, తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం సంగతి మాట్లాడుకున్నారు. వాళ్ళు మలుపు తిరిగి రోడ్డెక్కేదాకా మా అయ్య వాకిట్లో నిలబడి చూశాడు. తర్వాత లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, అమ్మ పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాడు.

"ఒలే, ఈలు నిజంగా కోటబొమ్మాళోలేనంటావా?"

అమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. తాళి కట్టి కొత్తవలస తీసుకెళ్ళేదాకా నాకూ ఆ అనుమానం పోలేదు.